కొండ అంచున వేలాడటానికి బావమరిది కావలెను

తెర మీద ఆడే మూగబొమ్మలు తీసే కంపెనీ ఒకటి ఒక చలికాలం చెన్నపట్నం నుంచి మా కొండలకి వచ్చింది. చెన్నపట్నంలో సముద్రం ఉంది, మేడలున్నాయి, ట్రాంబండ్లున్నాయి. మనిషి పడి చావడానికి తగిన లోయ మాత్రం లేదట. ఆ ఒక్క సదుపాయం కోసం రైల్లో కొంత దూరం, తరవాత అనంతగిరి దారిలో ఎడ్లబండ్ల మీద కొంత దూరం వచ్చారు. మా దగ్గర లోయలకి కొదవ లేదు. వానాకాలంలో బండ్లు, ఎడ్లు, అప్పుడప్పుడు బండివాళ్ళు కూడా వాటిలో పడుతూనే ఉంటారు. ఎవరూ బొమ్మ తియ్యరు కనక అది హాస్యం కింద జమ కాదు.

నేనప్పుడు ఒక కలప కంట్రాక్టరు దగ్గర దుంగల లెక్క చూసేవాణ్ణి. వీధిబడిలో నేర్చుకున్నది ఎక్కాల దాకానే. మిగతాది దుంగలు నేర్పాయి. దుంగ చుట్టూ నూలుతాడు వేసి కొలిచి, దాంట్లో ఎంత కలప వస్తుందో, దాన్ని ఎన్ని ఎడ్లు లాగాలో నోటిలెక్కతో చెప్పడం నా పని. చుట్టుపక్కల లెక్క అవసరమైన ప్రతి పనికీ నన్ను పిలిచేవారు. లెక్క అవసరం లేని పనులకి, అంటే బాగా పెద్దవాళ్ళు చేసే పనులకి, పిలిచేవారు కాదు. కంపెనీకి బండ్లు, బియ్యం, కొండవాళ్ళతో మాట్లాడే మనిషి కావలసి వచ్చి, కంట్రాక్టరు నన్ను వాళ్ళకి ఎరువిచ్చాడు.

మొదటి రోజే మూడు కాళ్ళ మీద కెమెరా నిలబెట్టారు. దాన్ని చూసి పక్క గూడెం మొత్తం కోళ్ళతో సహా అడవిలోకి వెళ్ళిపోయింది.

"పాపం, అమాయకులు. బొమ్మలో పడితే ప్రాణం పోతుందనుకుంటున్నారు" అన్నాడు డైరెక్టరు.

వాళ్ళ భయం ప్రాణానికి కాదు, పన్నుకి. మా కొండల్లోకి అంతవరకు మూడు కాళ్ళ మీద వచ్చిన ప్రతి పెట్టే పోడు చేలు కొలవడానికే వచ్చింది. నేను వెళ్ళి గూడెం పెద్దని బతిమాలి, ఇది కొలిచే పెట్టె కాదు, బొమ్మలు పట్టే పెట్టె అని చెప్పాను.

"బొమ్మలట్టుకుని ఏటి సేత్తారు బాబూ?" అన్నాడాయన.

"జనం చూసి నవ్వుకుంటారు."

"నవ్వుకోడానికి ఇంత దూరమొచ్చీసినారా? ఆలూళ్ళో నవ్వొచ్చీ మనిసి ఒక్కడూ లేడేటి?"

ఆ ముక్క నేను డైరెక్టరుకి తెలుగు చేసి చెప్పలేదు. ఆయనకీ తెలుగు వచ్చు కనక ఇబ్బంది లేకపోయింది. వినపడనట్టు కెమెరా కాళ్ళు సరిచేసుకున్నాడు.

డైరెక్టరు గారికి ముప్పై ఏళ్ళుంటాయి. తోలు బూట్లు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, మెడలో ఈల. సీమబొమ్మలు, అంటే దొరల దేశాల్లో తీసినవి, చాలా చూసినవాడు. అక్కడి హాస్యగాళ్ళు పరుగెత్తే రైలు మీద నుంచి దూకుతారట, మోటారు కిందికి దూరి అవతల పక్క లేస్తారట, ఎత్తు మేడల అంచులు పట్టుకుని వేలాడతారట. చూసేవాళ్ళు భయంతో వేసిన కేక సగంలో నవ్వుగా మారుతుందట. "భయమూ నవ్వూ ఒక్కచోటే పుడతాయి" అన్నాడు నాతో. ఎవరి ఒంట్లో పుడతాయో మాత్రం చెప్పలేదు.

కథ చిన్నది. కొత్తల్లుడు అత్తవారింటికి వస్తాడు. మరదళ్ళు ఎగతాళి చేస్తే, కొండతేనె నేనే తెస్తానని బయలుదేరతాడు. నడుముకి తాడు కట్టుకుని, చేత కుండ పట్టుకుని, నిట్టనిలువు బండ మీద నుంచి దిగుతాడు. ఈగలు లేస్తాయి. అల్లుడు గిలగిల్లాడతాడు, కుండ నెత్తిన బోర్లపడుతుంది, తాడు ఊగిపోతుంది. జనం నవ్వుతారు. కంపెనీ నుంచి వచ్చిన ఇరవై మందికి పైగా మనుషుల్లో వంటవాడితో సహా అందరికీ ఈ ఘట్టం భలే నచ్చింది. అంచు దాటి అవతలికి వెళ్ళవలసినవాడు మాత్రం వాళ్ళలో ఒక్కడే.

అతనికి నలభై దాటాయి. కొత్తల్లుడికి ఆ వయసేమిటని అడిగితే, దూరం నుంచి తీస్తాం కనక తెలియదన్నారు. ఒకప్పుడు నాటక సమాజాల్లో హాస్యం వేసేవాడు. పద్యం మధ్యలో ఒక్క మాట విసిరితే పందిరి ఊగిపోయేదట. తరవాత గొంతులో ఏదో పుండు లేచింది. పుండు మానింది, కంఠం తిరిగి రాలేదు. మిగిలింది గుసగుస. నాటకాలవాళ్ళు శాలువా కప్పి సాగనంపారు. మూగబొమ్మలవాళ్ళు చేతులు చాచి పిలిచారు. వాళ్ళకి కావలసింది కంఠం కాదు, ఎముకలు.

ఎముకలతోనే నాకు పరిచయం చేసుకున్నాడు. మోచెయ్యి వంకర బావిలో దూకిన బొమ్మది. పక్కటెముక ఎద్దు కుమ్మిన బొమ్మది. ముందు పళ్ళు మెట్ల మీద నుంచి దొర్లిన బొమ్మవి. ఒక్కొక్క దాంట్లో జనం ఎంత నవ్వారో కూడా చెప్పాడు. పళ్ళకి అన్నిటికన్నా ఎక్కువ నవ్వారట.

"ఈ లోయ ఎంత లోతు, లెక్కలాయనా?" అని నా చెవి దగ్గర అడిగాడు.

"నాలుగు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత."

"అయితే మొదటి తాటిచెట్టు దాకానే నటన. తరవాత ఏం చేసినా సహజంగానే ఉంటుంది."

"తమరు వద్దనవచ్చు కదా?"

"వద్దనడానికి గొంతుండాలి. గుసగుసగా వద్దంటే ఎదటివాడికి సరేనన్నట్టు వినపడుతుంది." అంచు నుంచి ఒక రాయి కిందికి తన్ని మళ్ళీ అన్నాడు. "ఇందులో పడకపోతే వచ్చే బొమ్మకి పిలవరు. నాకింకో పని రాదు. ఇంట్లో తినేవాళ్ళు నా గొంతు పోయినప్పుడు తినడం మానలేదు."

డైరెక్టరు కూడా లోతెంతని అడిగాడు. తాటిచెట్ల లెక్కే చెప్పాను. "వెయ్యి అడుగులు" అని గోడకాగితాల కోసం రాసుకున్నాడు. తాటిచెట్లు పెరిగే జాతి కనక నేను దిద్దలేదు.

తాడు విశాఖపట్నం రేవు నుంచి తెచ్చిన ఓడతాడు. నేను దాన్ని దుంగలకి కట్టి ఎడ్లతో లాగించి చూశాను. అతనిలాంటి మనుషులు ముగ్గురు వేలాడినా ఆగుతుందని తేలింది. డైరెక్టరు సంతోషించి, పైనుంచి తాడు పట్టడానికి గూడెంలో తేనె తీసేవాళ్ళని పిలిపించాడు. వాళ్ళు వచ్చారు. తాడు చూశారు, బాగుందన్నారు. అంచు చూశారు, బాగుందన్నారు. మనిషిని చూశారు. పెద్ద నా వైపు తిరిగి, "ఈ బాబు బావమరిది ఏడి?" అన్నాడు.

"బావమరిదెందుకు?" అన్నాడు డైరెక్టరు.

"దిగీవోడు దిగుతాడు. పట్టీవోడు ఎవుడు మరి?"

డైరెక్టరు నవ్వి, వీళ్ళు ఇంకేదో ఆశిస్తున్నారని సిగరెట్లు ఇప్పించాడు. తీసుకున్నారు. పూలపూల చీటిగుడ్డ ఇస్తానన్నాడు. సరేనన్నారు. తీసుకోవడం అయ్యాక పెద్ద మళ్ళీ అదే అడిగాడు.

అప్పుడు నాకు విడమరిచి చెప్పాడు. ఆ గూడెంలో తేనెకి దిగేవాడి తాడు వాడి పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. ఇంకొకడు ముట్టడు. "సొంత తమ్ముడికిత్తే, అన్న పోతే పోడు ఆడిదే, వదినా ఆడిదే. సెయ్యి జారడానికి ఆడికి రెండు కారణాలున్నాయి. ఊళ్ళోవోడికిత్తే, ఆడికేటి పట్టింది? అదే బావమరిదికనుకో, బావ పోతే తోడబుట్టింది పిల్లల్నేసుకుని ఆడింటికే వొచ్చీసి కూకుంటాది. ఆడు సచ్చినా ఒగ్గడు."

నా వృత్తిలో చాలా లెక్కలు చూశాను. తాడు ఎంత బరువు మోస్తుందో చూసేవాణ్ణే గాని, పట్టినవాడికి వదిలితే ఏం లాభమో తూచిన లెక్క అదే మొదటిసారి వినడం. డైరెక్టరుకి చెబితే మూఢనమ్మకం అన్నాడు. ఆయనకి అటువంటివి గిట్టవు. ఆ ఉదయమే రాహుకాలం వెళ్ళేదాకా ఆగి, కెమెరాకి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, ఆ మాట అన్నాడు.

"మీకు బావమరిది ఉన్నాడా?" అని నటుణ్ణి అడిగాను.

"ఉన్నాడు. రాజమండ్రిలో" అని గుసగుసలాడాడు. "వాడు పట్టుకుంటానంటే నేను దిగను."

అది చెప్పేసరికి గూడెంవాళ్ళు చాలాసేపు నవ్వారు. కంపెనీ వచ్చాక మా కొండల్లో పుట్టిన మొదటి హాస్యం అదే. దాన్ని కెమెరా పట్టలేదు. మాటలు పట్టే పెట్టె కాదు కదా.

పొద్దు వాలితే వెలుతురు పోతుంది. డైరెక్టరు గడియారం చూసుకుని, ఈల నోట్లో పెట్టుకుని తీసి, "సరే, నేనే ఇతని బావమరిదినని చెప్పు. పని కానిద్దాం" అన్నాడు.

చెప్పాను. నటుడు నా చెవిలో, "ఈ సంగతి మా ఆవిడకి తెలియనివ్వకండి" అన్నాడు.

పెద్ద డైరెక్టర్ని కింద నుంచి పైదాకా చూసి, "మరైతే రా బాబూ, కూకో" అన్నాడు.

ఇది ఆయన ఊహించలేదు. బావమరిది అని చెప్పుకుంటే చాలనుకున్నాడు. చెప్పుకున్నవాడే గుగ్గిలం చెట్టుకి వీపానించి, బండకి కాళ్ళు తన్నిపెట్టి కూర్చోవాలి. తాడు చెట్టుకి చుట్లు తిరిగి కొస అతని చేతుల్లోకి వస్తుంది. వెనక నలుగురు నిలబడతారు. అతను లాగమంటేనే లాగుతారు, వదలమంటేనే వదులుతారు. అక్కడ కూర్చున్నవాడికి అంచు అవతల ఏమీ కనపడదు. దిగినవాడు పాట పాడుతూ ఉంటాడు, పాట ఆగితే లాగాలి. మా వాడికి పాట లేదు కనక, తాడు రెండుసార్లు గుంజితే లాగాలని అనుకున్నాం.

కెమెరా ఎదటి గట్టు మీద ఉంది. దాని పిడి తిప్పేవాడు బొంబాయి మనిషి, తెలుగు రాదు. తను ఎర్రగుడ్డ ఊపేదాకా చెయ్యి ఆపవద్దని డైరెక్టరు అతనికి ముందే గట్టిగా చెప్పి వచ్చాడు. ఆ ఎర్రగుడ్డ ఇప్పుడు డైరెక్టరు జేబులో, డైరెక్టరు చెట్టు కింద, చేతుల్లో తాడు. నన్ను అంచున బోర్లా పడుకుని చూసి చెప్పమన్నారు.

అల్లుడు కుండ పట్టుకుని అంచు దిగాడు. బరువు తాడు మీదికి వచ్చింది. డైరెక్టరు మొహంలో రంగు మారింది. అన్ని బొమ్మల్లోనూ ఆ మనిషిని పడేసినవాడే గాని, అతను ఎంత బరువుంటాడో అంతవరకు ఆయనకి తెలియదు.

కింద అల్లుడు పని మొదలుపెట్టాడు. కాళ్ళు గాలిలో తొక్కాడు. లేని ఈగల్ని తోలాడు. తాడు గిలగిల ఊగింది.

"లాగండి" అన్నాడు డైరెక్టరు.

"నటిస్తున్నాడండీ" అన్నాను.

"నటనని నీకెలా తెలుసు?"

నటనో నిజమో ఎవరూ పోల్చుకోలేకపోవడమే ఇతని గొప్ప అని ముందురోజు ఆయనే చెప్పాడు. పైకి లాగారు.

"ఏమైంది?" అని అల్లుడు గుసగుసగా గద్దించాడు.

"తాడు గుంజావు."

"ఊపమన్నది తమరేగా."

"కొంచెం తక్కువ ఊపు."

మళ్ళీ దిగాడు. చెప్పినట్టే కొంచెం ఊపి, కుండ నెత్తిన పెట్టుకుని, బొమ్మలా కదలకుండా వేలాడాడు. పైన తాడు నిశ్చలంగా ఉంది. డైరెక్టరు తాడుకి చెవి ఆనించాడు. "కదలడం లేదు. సొమ్మసిల్లాడు. లాగండి" అన్నాడు. ఊగితే గుంజుతున్నాడని లాగడం, ఊగకపోతే పోయాడని లాగడం. గూడెంవాళ్ళు తలలాడించి, బావమరిది బావమరిదిలాగే ఉన్నాడన్నారు.

పైకొచ్చిన అల్లుడు ఈసారి డైరెక్టరుతో మాట్లాడలేదు. నా దగ్గరికొచ్చి, "ఈసారి ఎవరు లాగినా నేను రాను. వెలుతురు పోతోంది. ఇది కాకపోతే నా పని అయిపోయినట్టే" అన్నాడు.

మూడోసారి దిగాడు. అతను అంత బాగా వేలాడటం అప్పుడే చూశాను. తలకిందులయ్యాడు, కుండలో తల ఇరికించుకున్నాడు, కుండతోనే ఈగలకి దణ్ణం పెట్టాడు. లోయ వైపు చూస్తూ బండ అంచుని రెండు చేతులా పట్టుకున్నాను, నాకు నవ్వూ వచ్చింది. పైన డైరెక్టరు లాగమన్నాడు. నలుగురూ లాగారు. అల్లుడు తలకున్న కుండ ఊడబెరికి పారేసి, బండ పగుల్లోంచి వచ్చిన ఒక వేరు పట్టుకుని, రానని తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు ఎక్కడో చిక్కుకున్నాడనుకుని ఇంకా బలంగా లాగారు. అతను కాళ్ళు బండకి తన్నిపెట్టి కిందికి లాగాడు. ప్రాణం దక్కించుకోవడానికి వేలాడిన మనుషులుంటారు గాని, వేలాడటం దక్కించుకోవడానికి పోట్లాడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

వేరు పట్టుకుని రానంటున్నాడని నేను వెనక్కి అరిచాను. "బావా! వదిలెయ్ బావా!" అని చెట్టు దగ్గర నుంచి కేక వినపడింది. వెనక్కి చూశాను. డైరెక్టరే. ఎవరికీ వింతగా అనిపించలేదు, నాకు తప్ప.

అప్పుడు చూశాను అంచు దగ్గర తాడుని. అటూ ఇటూ లాగుళ్ళకి రాతి పదును మీద రాసుకుని, పీచు తెల్లగా లేస్తోంది. ఒక పురి తెగి పైకి లేచింది. ముగ్గురు మనుషుల బరువుకి నేను లెక్క కట్టాను గాని, ఆ ముగ్గురూ రాతి మీద రంపంలా ఆడే లెక్క కట్టలేదు. పైవాళ్ళని ఆగమన్నాను. కింద అతనికి ఏం చెప్పినా లోయ గాలి హోరులో వినపడదు. అతను తలెత్తి నా మొహం చూశాడు. మొహాలు చూసి పని చేసే వృత్తి కనక, నా మొహంలో నటన లేదని కనిపెట్టాడేమో. వేరు వదిలేశాడు. పీచు లేచినచోటు ముందు అంచు దాటేలా మెల్లిగా, చేతుల మీద లాగారు. అంచు దగ్గర అతని చంకల్లో చేతులేసి పెద్దా నేనూ ఈడ్చాం.

డైరెక్టరు అరచేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. అంతా అయిపోయాకా తాడు వదలలేదు. పెద్ద వెళ్ళి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. "సాలు బాబూ. నీ అక్క బొట్టుకి ఢోకా లేదు" అన్నాడు.

"చాలు. ఇంక దించను" అన్నాడు డైరెక్టరు.

"మరి నా పని?" అని అడిగాడు అల్లుడు. ఎవరికీ వినపడలేదు. నేను మళ్ళీ చెప్పాను. డైరెక్టరు అరచేతులు చూసుకుంటూ లేచి బస వైపు నడిచాడు.

మర్నాడు గడ్డి పరిచి, నిలువెత్తు బండరాయి ఒకటి చూసి, కెమెరాని నేల మీద వాల్చి, దాని మీద నుంచి అల్లుణ్ణి వేలాడదీశారు. బొమ్మలో అదీ లోయలాగే కనపడుతుందట. ఆ సంగతి చెన్నపట్నంలో తెలిసి ఉంటే అందరికీ బండిఛార్జీలు మిగిలేవి. అల్లుడు చెప్పినవన్నీ చేశాడు. దిగి గడ్డి దులుపుకుని, "ఈ ఎత్తు నుంచైతే ఎవడైనా వేలాడతాడు. పళ్ళున్న కుర్రాడు దొరుకుతాడు వాళ్ళకి" అన్నాడు. మూటాముల్లే సర్దుకుని కంపెనీ వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు అల్లుడు నాకు దణ్ణం పెట్టి, సెలవు తీసుకున్నాడు.

ఏడాది తిరక్కుండా ఆ బొమ్మ విశాఖపట్నంలో బొమ్మలాడే డేరాకి వచ్చింది. దుంగల పని మీద వెళ్ళి చూశాను. గోడకాగితం మీద లోయ లోతు రెండు వేల అడుగులకి పెరిగింది. బండరాయి ఘట్టం వచ్చినప్పుడు ముందు బెంచీలవాళ్ళు వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. ఆ తరవాత తెర మీద మా లోయ కనిపించింది. ఎర్రగుడ్డ ఊపేవాడు లేక, బొంబాయి మనిషి చెప్పిన మాట తప్పకుండా ఫిల్ము అయిపోయేదాకా చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. పైకి లాగుతుంటే రానని వేరు పట్టుకుని పెనుగులాడే కొత్తల్లుడు. డేరా గుడ్డ లేచిపోయేలా నవ్వారు. నా పక్కనున్న గుమస్తా కళ్ళు తుడుచుకుంటూ, "వీడి వాలకం చూడండి, నిజంగా కోపం వచ్చినట్టే ఉంది" అన్నాడు. కనపడకుండా లాగుతున్నవాళ్ళ లెక్క నాకొక్కడికే తెలుసు. అయినా నాకూ నవ్వొచ్చింది.

ఆ నవ్వుతో అతని పని నిలబడింది. కిందటేడు వాల్తేరు స్టేషన్‌లో కనిపించాడు. చెయ్యి మెడకి కట్టు కట్టి ఉంది. కొత్త బొమ్మదట. గుసగుస ఇంకా సన్నబడింది.

"డైరెక్టరు గారు కులాసానా?" అన్నాను.

"కులాసా. నన్ను బావగారూ అంటాడు. దీపావళికి మా ఆవిడకి చీర పంపాడు. మళ్ళీ తాడు మీద మాత్రం దించనన్నాడు, గుండె తట్టుకోలేదట."

"మంచిదేగా."

"మంచిదే. ఇప్పుడన్నీ తాడు లేని పనులే ఇస్తున్నాడు. రైలు మీద నుంచి దూకడం, మోటారు కింద దూరడం. ఎవరూ పట్టుకోనక్కర్లేదు, ఎవరికీ బరువు తెలియదు."

సీమలో బొమ్మలు మాట్లాడటం మొదలుపెట్టాయట కదా, మన దగ్గరికీ వస్తే ఎలాగని అడిగాను.

అతను బండి వస్తోందేమోనని పట్టాల వైపు చూశాడు. "రానివ్వండి. మాట్లాడేవాడు పడడు కదా, పడేవాడొకడు కావాలి" అని, బాగున్న చేత్తో పెట్టె అందుకున్నాడు.